కాటారం పోయిన బొంత

జనగామ బస్టాండు ఎదురుంగ సోమేశ్వర్‌కు రగ్గుల దుకాణం ఉన్నది. సోలాపూర్ చద్దర్లు, పానిపట్ రగ్గులు, పులి బొమ్మల మెత్తటి బ్లాంకెట్లు, పెండ్లిళ్లకు పెట్టే జంట దుప్పట్లు, కప్పుకునేది ఏదైనా ఆడ దొరుకుతది. దొరకనిది బొంత ఒక్కటే. బొంత పేరెత్తితే సోమేశ్వర్ మొఖం ముడుచుకునేది.

"ఇంక ఏ కాలంల ఉన్నరమ్మా? పాత చీరెలు నాలుగు కలిపి కుట్టుకొని కప్పుకుంటరా? బొంత కప్పుకున్నమా, మీద గోడ కూలిందా తెల్వదు" అని గిరాకీలకు చెప్పెటోడు.

అయితే ఇంట్ల సోమేశ్వర్ కప్పుకునేది బొంతనే.

ఆ బొంతను ఆయన తల్లి కనకమ్మ నలభై ఆరేండ్ల కింద కుట్టింది. లోపల ఆరు నేత చీరెలు, మీద ఒక ఎర్ర చీరె, కింద ఒక ధోతి. కుట్టిన ఏడాదే ఒక మూలకు చిరిగింది. అతుకెయ్యను చేతికేం దొరకక, భర్త సోమనర్సయ్య పాత అంగీ ముక్క కోసి కుట్టింది. ఆ ముక్కకు జేబు ఉండె. ఇప్పుడెవరు ఊడదీస్తరని జేబుతో సహా కుట్టేసింది. అప్పటికి ఆరేండ్ల పిలగాడు సోమేశ్వర్. ఆ జేబుల చెయ్యి వెట్టుకొని పండుకునుడు అలవాటు చేసుకున్నడు. యాభై రెండేండ్లు వచ్చినయి, బట్టతల వచ్చింది, షుగర్ వచ్చింది. జేబుల చెయ్యి వెట్టందే నిద్ర మాత్రం రాలే.

ఈ సంగతి బజార్ల ఎవ్వరికి తెల్వదు. భార్య ప్రసూన తెల్వనియ్యలే. చుట్టాలు వస్తున్నరని ఫోను వస్తే ఆమె ముందుగాల చేసే పని బొంతను సజ్జ మీదికి ఎక్కిచ్చుడు. వాళ్లు పోంగనే దించుడు. పెండ్లయిన ఇరవై నాలుగేండ్ల సంది గిదే పని. "రగ్గుల సేటు బొంత కప్పుకుంటడని తెలిస్తె మన రగ్గు ఎవరు కొంటరు" అని ఆమె పరేషాన్.

పోయిన డిసెంబర్ల చలి బాగ పెట్టింది. సోమేశ్వర్‌కు ఒక ఆలోచన తట్టింది. పాత బొంత తెచ్చి ఇచ్చినోళ్లకు కొత్త రగ్గు తక్కువ ధరకు ఇద్దామని. ఒక ఆటో మాట్లాడి, మైకు కట్టిచ్చి, చిల్పూర్ దిక్కు, తరిగొప్పుల దిక్కు ఊరూరు తిప్పిండు. మాటలు ఆయనే రాసిండు. "పాత బొంత తేండి, కొత్త రగ్గు తీస్కపోండి. బొంతల దుమ్ముంటది, మా రగ్గుల దమ్ముంటది."

జనం బొంతలు నెత్తిన పెట్టుకొని వచ్చిన్రు. పది రోజులకు దుకాణం ఎనుక గోదాము నిండి, తలుపు పడుత లేదు. ఇన్ని బొంతలు ఏం జెయ్యాలె అనుకుంటుంటె, మహబూబాబాద్ దిక్కు ఒక తండా నుంచి మంగీలాల్ అనే మేస్త్రి ఫోను చేసిండు. ఆయన ఏటా నలభై మందిని మిరపకాయలు ఏరను కాటారం దిక్కు తీస్కపోతడు. రెండు నెలలు తోటల్నే గుడిసెలు ఏసుకొని ఉంటరు. వాళ్లకు కప్పుకోను బొంతలు గావాలె. సోమేశ్వర్‌కు ప్రాణం లేచొచ్చింది. ఫోన్లనే బేరం అయిపోయింది.

అప్పటికే ఆయన సరుకు కోసం సోలాపూర్ రైలెక్కిండు. ఆడికెల్లి ప్రసూనకు ఫోను చేసి, "మంగీలాల్ డీసీఎం బండి తీస్కొని వస్తడు. గోదాముల ఒక్క బొంత గూడ మిగలొద్దు. అన్ని ఎక్కిచ్చి పంపు" అన్నడు.

మంగీలాల్ వచ్చే రోజు పొద్దున కనకమ్మ దుకాణంలకు వచ్చింది. ఆమెకు డెబ్బై ఆరేండ్లు. ఇంటికి దుకాణానికి నడుమ ఒక గల్లీనే అయినా, ఆమె దుకాణంలకు వచ్చుడు తక్కువ. ఆ రోజు ఒక పెద్ద మూట సంకల వెట్టుకొని, ఇద్దరు గిరాకీల ఎనుక వరుసల నిలబడ్డది. తన వంతు రాంగనే మూటను గల్లా బల్ల మీద వెట్టింది.

"పాత బొంతకు కొత్త రగ్గు ఇస్తున్నరట గద. నాకు పులి బొమ్మది ఇయ్యి."

ప్రసూన మూట చూసింది. "అత్తమ్మా, ఇది ఆయనది గద."

"ఆనిదెట్లయితది? కుట్టింది నేను. ఉతికింది నేను. ఒకప్పుడు చెరువుకు తీస్కపోయి ఉతికితే, పిండెటందుకు ఇద్దరు మగోళ్లు గావాలె. నలభై ఆరేండ్లు మోసిన. నా కొడుకు ఊరందరికి మెత్తటి రగ్గు కప్పి, ఇంట్ల నాకు ఒక్కటియ్యలే. పులిది ఇయ్యి బిడ్డా."

ప్రసూన రెండు నిమిషాలు ఆలోచించింది. సజ్జ మీదికి నిచ్చెన వేసుకొని ఎక్కుడు గుర్తుకొచ్చింది. పులి రగ్గు తీసి అత్త చేతిల వెట్టింది. బొంతను గోదాములకు ఇసిరేసింది. మధ్యాహ్నం మంగీలాల్ వచ్చిండు. ఒక్క బొంత గూడ మిగలలే.

నాలుగో రోజు సోమేశ్వర్ వచ్చిండు. సోలాపూర్ లాడ్జిల మూడు రాత్రులు కన్ను మూయలేదు. రైల్ల గూడ మూయలేదు. ఇంటికి పోయి బొంత కప్పుకోవాలె అనేది ఒక్కటే ధ్యాస. కాళ్లు కడుక్కొని మంచం కాడికి పోయిండు. మంచం మీద మడత పెట్టిన కొత్త బ్లాంకెట్ ఉన్నది. సజ్జ మీద చూసిండు. మంచం కింద చూసిండు.

"నా బొంతేది?"

ప్రసూన వంటింట్లకెల్లి తల బయట వెట్టింది. "ఒక్కటి గూడ మిగలొద్దని మీరే అన్నరు."

కనకమ్మ అరుగు మీద ఎండకు కూసొని ఉన్నది. భుజాల మీద పులి ఉన్నది. "నేనే ఇచ్చిన బిడ్డా. దుమ్ముంటదని నువ్వే చెప్తివి గద, మైకుల" అన్నది.

సోమేశ్వర్ లోపలికి పోయి మంచం మీది కొత్త బ్లాంకెట్ మడత ఇప్పిండు.

ఆ వారం తన దుకాణంల ఉన్న సరుకంత తనే కప్పుకొని చూసిండు. పానిపట్ రగ్గు గరగర గీసుకున్నది. బ్లాంకెట్ మెత్తగనే ఉన్నది గని, కాలు కదిపితే చాలు జారి కింద పడుతది. ఇంకొకటి కప్పుకుంటె వెంట్రుకలు లేచి చిటచిట నిప్పురవ్వలు ఎగిరినయి. ఆఖరికి తన అంగీ జేబులనే చెయ్యి వెట్టుకొని పండుకున్నడు. చెయ్యి తిమ్మిరెక్కింది గని నిద్ర రాలేదు. పక్క అర్రల పులి కింద కనకమ్మ గుర్రు పెడుతున్నది.

దుకాణంల పని తారుమారయింది. చద్దర్ అడిగిన మనిషికి దోమతెర కట్టిచ్చిండు. పెండ్లి దుప్పట్లు చూపెట్టుకుంట చూపెట్టుకుంట ఆ గుట్ట మీదనే తల వాల్చిండు, పెండ్లోళ్లు భయపడి దవాఖానకు తీస్కపోదమా అన్నరు. ఇంక లాభం లేదని మంగీలాల్‌కు ఫోను చేసి తోట ఎక్కడున్నదో అడిగి, ఆదివారం పొద్దుగాల భూపాలపల్లి బస్సెక్కిండు. ఆడ బస్సు మారి కాటారం చేరేసరికి పన్నెండు దాటింది.

తోట ఊరికి రెండు మైళ్లు. పక్కనే అడవి. పరదలతోని ఏసిన గుడిసెలు, నడుమ కల్లంల ఎర్రగ ఎండుతున్న మిరపకాయలు. తోట చుట్టున్న ముళ్ల తీగ మీద బొంతలు వరుసగ ఆరేసి ఉన్నయి. సోమేశ్వర్‌కు మిర్చి ఘాటు ముక్కుకెక్కింది. ఒక బొంత మూల ఎత్తుడు, తుమ్ముడు. ఇంకో బొంత మూల ఎత్తుడు, తుమ్ముడు. గట్ల ఇరవై బొంతలయినంక మంగీలాల్ ఎనుక వచ్చి నిలబడ్డడు.

"సేటూ, ఏం ఎతుకుతున్నవ్?"

"ఏం లేదు. మాల్ ఎట్లున్నదో చూస్తున్న."

"అమ్మినంక చూసుడేంది?"

"మా దుకాణం పద్ధతి గట్లనే ఉంటది" అని సోమేశ్వర్ ఇంకోసారి తుమ్మిండు.

తీగ మీద జేబు బొంత లేదు. నీళ్లు తాగుతనని చెప్పి గుడిసెల దిక్కు నడిచిండు. మూడో గుడిసెల, కట్టెకు ఏలాడేసి, కనబడ్డది. ఎర్ర చీరె, మూలకు గీతల అంగీ ముక్క. సోమేశ్వర్ అటు ఇటు చూసిండు. ఎవ్వరు లేరు. ఒక్కసారి చేతితో చూద్దామని లోపలికి పోయి జేబుల చెయ్యి వెట్టిండు. కండ్లు వాటికవే మూతపడ్డయి.

బొంత జేబుల ఉన్న ఫోను గట్టిగ మోగింది.

సోమేశ్వర్ ఎగిరిపడ్డడు. చేతిల ఫోను, నాలుగు వక్కలు, సున్నం డబ్బి. గుడిసె ముందర ఒకామె నడుము మీద చెయ్యి వెట్టుకొని నిలబడి ఉన్నది. ఆమె మంగీలాల్ అక్క రామి. అరవై ఏండ్లుంటయి.

"సేటూ, మనిషి జేబు కొట్టినోన్ని చూసిన. బొంత జేబు కొట్టినోన్ని ఇయ్యాలనే చూస్తున్న" అన్నది ఆమె.

తోటల పనిచేసేటోళ్లంత జమయిన్రు. వాళ్ల భాషల వాళ్లు మాట్లాడుకుంటున్నరు. సోమేశ్వర్‌కు ఒక్క మాట అర్థం కాలేదు గని నడుమ నడుమ 'సేటు' అన్నది, 'బొంత' అన్నది వినబడుతున్నయి. ఆ రెండు మాటల తర్వాత నవ్వు గూడ వినబడుతున్నది.

"అక్కా, ఆ బొంత నాకియ్యి. మూడు కొత్త రగ్గులు ఇస్త" అన్నడు సోమేశ్వర్.

ఆ మాట నోట్లకెల్లి వచ్చిందో లేదో, జనం ఉరికి తీగ మీది బొంతలు గుంజుకొచ్చిన్రు. "నాది తీస్కో సేటూ." "నాది ఇంక పాతది సేటూ, చూడు." ఒకాయన తన బొంతను సోమేశ్వర్ నెత్తి మీదనే కప్పిండు. లోపలికెల్లి తుమ్ము వినబడ్డది.

ఇంక దాచి లాభం లేదని సోమేశ్వర్ బొంత కిందికెల్లి బయటికొచ్చి, ఉన్నదున్నట్టు చెప్పిండు. అమ్మ కుట్టింది, నాయిన జేబు, పన్నెండు రోజుల సంది నిద్రలేదు అని. నవ్వెటోళ్లు నవ్వు ఆపిన్రు.

రామి ఆయన మొఖం దిక్కు చూసింది. "నీదే అయితే పండుకొని చూపియ్యి" అన్నది.

బొంత దించి గుడిసెల పరిచింది. సోమేశ్వర్ చెప్పులిప్పి, కప్పుకొని, జేబుల చెయ్యి వెట్టిండు. "ఇప్పుడేం జెయ్యాలె" అని మంగీలాల్ అడిగేసరికే గురక మొదలయింది. నాలుగు గంటలు లేవలేదు. కోడి మీదెక్కి దిగింది, లేవలేదు. ఆఖరు బస్సు పోతదని మంగీలాల్ భుజం పట్టి గుంజి లేపిండు.

"నీదే" అన్నది రామి. "కని ఇయ్య. పైసలు పెట్టి కొనుక్కున్న. నీ రగ్గులు మాకు పనికిరావు. పొయ్యి పక్క పండుకుంటం. నిప్పురవ్వ వడితే మీ రగ్గు కరిగి తోలుకు అతుక్కుంటది. బొంత అయితే చేత్తో కొడితె ఆరిపోతది. శివరాత్రి దాక నాకు చలి ఉన్నది. గప్పటిదాక నిద్రొస్తె రా, పండుకో, పో."

సోమేశ్వర్‌కు అది న్యాయంగనే తోచింది.

అప్పటి సంది ప్రతి ఆదివారం ఆయన కాటారం పోవుడు మొదలయింది. పొద్దుగాల బస్సు, పగటీలి గుడిసె, సాయంత్రం బస్సు. పోయేటప్పుడు డబ్బెడు సకినాలు తీస్కపోతడు. ప్రసూన అడిగితే, "కాటారంల కొత్త దుకాణం పెడదామని జాగ చూస్తున్న" అంటడు.

ప్రసూన తెలివైన మనిషి. భర్త శనివారం పీనుగ లెక్క ఉంటడు. ఆదివారం సాయంత్రం పెండ్లికొడుకు లెక్క వస్తడు. అంగీకి పొయ్యి వాసన వస్తది. డబ్బెడు సకినాలు ఖాళీ. ఒకరోజు ఆయన తానం చేసుకుంట పాట గూడ పాడిండు. నాలుగు ఆదివారాలు చూసి, ఆమె అత్త పక్కన వచ్చి కూసున్నది.

"అత్తమ్మా, ఆయన ప్రతి ఆదివారం కాటారం పోతున్నడు."

"వాళ్ల నాయిన గూడ ప్రతి శనివారం చిల్పూరు పోయెటోడు" అన్నది కనకమ్మ.

"ఎందుకు?"

"గుట్ట మీద బుగులు ఎంకటేశ్వరసామి కాడికని చెప్పెటోడు."

"నిజమేనా?"

"ఏమో. ప్రసాదమైతే తెచ్చెటోడు."

ప్రసూనకు ఈ మాటతో ఉన్న ధైర్యం గూడ పోయింది. తర్వాతి ఆదివారం సోమేశ్వర్ ఎక్కిన బస్సు పోంగనే, ఎనుక బస్సుల అత్తాకోడళ్లు ఎక్కిన్రు. ఆడోళ్లకు సర్కారు బస్సుల టికెట్ లేకపాయె, ఆధార్ కార్డులు చూపెట్టి కూసున్నరు. కనకమ్మ పులి రగ్గు కప్పుకొని కిటికీ పక్కన కూసున్నది.

కాటారంల "జనగామ సేటు" అని అడిగితె చాయ్ హోటలాయన తోట దారి చూపెట్టిండు. తోటల కాయలు ఏరుతున్న ఒక ఆడమనిషిని ప్రసూన మళ్ల అడిగింది.

"సేటా? రామక్క గుడిసెల పండుకున్నడు" అన్నది ఆమె, తల ఎత్తకుంటనే.

ప్రసూన అడుగు ముందుకెయ్యలే. కనకమ్మ ఆమె చెయ్యి వట్టుకొని గుడిసె దాక తీస్కపోయింది. గుడిసె ముందర రామి కూసొని కాయల తాలు ఏరుతున్నది. ఇద్దరిని చూసి నోటి మీద వేలు వెట్టింది.

"మెల్లగ. ఇప్పుడే కన్ను మూతవడ్డది."

ప్రసూన లోపలికి వంగి చూసింది. సోమేశ్వర్ నోరు తెరుచుకొని పండుకొని ఉన్నడు. మీద ఎర్ర బొంత. కుడి చెయ్యి జేబుల ఉన్నది. గుడిసెల ఇంకెవ్వరు లేరు, ఒక పొయ్యి, నాలుగు గిన్నెలు తప్ప. ఆమె ఆడనే కింద కూలబడి, కొంగు నోట్ల కుక్కుకొని నవ్వింది. నవ్వుకుంట నవ్వుకుంట ఏడ్చింది. ఆ చప్పుడుకు సోమేశ్వర్ లేచి, ముందర భార్యను, ఆమె ఎనుక తల్లిని, తల్లి మీద పులిని చూసి మళ్ల కండ్లు మూసుకున్నడు.

"నాకు చెప్తె ఏమయితుండె?" అన్నది ప్రసూన.

"నీకు బొంతంటె సిగ్గు గద."

"బొంతను చూసి సిగ్గువడ్డ. మిమ్ముల చూసి గాదు."

సోమేశ్వర్ లేచి కూసొని, బొంతను ఒళ్లె మడత వెట్టుకున్నడు. ఆమెకు సకినాల డబ్బ అందిచ్చిండు. అండ్ల రెండే మిగిలినయి. ఇద్దరు చెరొకటి తిన్నరు.

బయట కనకమ్మ, రామి అప్పటికే ముచ్చట్ల వడ్డరు. రామి బొంత అంచుకు తన చేతితో ఎర్ర దారం కుట్టు వేసుకున్నది. కనకమ్మ గుడిసెలకు వంగి దాన్ని వేలితో రాసి చూసి, "నా కుట్టు కంటె దగ్గరదగ్గరగున్నది" అని ఒప్పుకున్నది.

"బొంతకు బొంత ఇస్తె ఇస్త" అన్నది రామి. "రగ్గు వద్దు. మెత్తటి నూలు చీరెలది గావాలె. నైలాన్ చీరెలు గలిపితె నాకు తెలుస్తది."

సోమేశ్వర్ ఇంట్ల బొంతకు పనికొచ్చే చీరెలు ఎవరికున్నయంటె, ప్రసూనకే ఉన్నయి. పెండ్లికి ఆమె తల్లి పెట్టిన నేత చీరెలు ఏడు, కట్టి కట్టి మెత్తబడి, పెట్టె అడుగున ఉండె. పారెయ్య బుద్ధిగాక దాచుకున్నది. వాటిని తీసి అత్త ముందర వెట్టింది. కనకమ్మకు కండ్లు సరిగ కనబడవు. అందుకని నోటితో చెప్పుడు ఆమె వంతు, కుట్టుడు ప్రసూన వంతు అయింది. చీరెలు పరిచి, నాలుగు మూలలకు ఇటుకలు వెట్టి, పెద్ద సూదితోని పొడుగు కుట్టు మొదలువెట్టింది. మొదటి రోజు కుట్టింది మొత్తం అత్త ఇప్పిచ్చింది. రెండో రోజు సగం ఇప్పిచ్చింది. పొద్దుగాల లేచి, వంట కాకముందు రెండు గంటలు, దుకాణంల గిరాకి లేనప్పుడు గల్లా బల్ల మీదనే ఒక గంట. రగ్గులు కొన వచ్చినోళ్లు, "ఏందమ్మా, మీరు గూడ బొంతనా" అంటె, ప్రసూన సూది ఆపకుంట, "అవును, బొంతనే" అనుడు నేర్చుకున్నది. వేళ్లకు మూడు చోట్ల సూది దిగింది. ఆ వారమే సోమేశ్వర్ ఆటో మైకు మాటలల్ల దుమ్ము ముక్క తీపిచ్చిండు. దమ్ము ఒక్కటే మిగిలేసరికి పాట కుంటినట్టు అయింది గని, రగ్గులు అమ్ముడువోతనే ఉన్నయి.

శివరాత్రి ఇంక వారం ఉందనంగ ముగ్గురు కలిసి కాటారం పోయిన్రు. రామి కొత్త బొంతను ఎండల పరిచి, నాలుగు మూలలు గుంజి చూసింది. వాసన చూసింది. మీద పండుకొని రెండు దిక్కులు పొర్లింది. తోటోళ్లంత పని ఆపి చూస్తున్నరు.

"కుట్టు వంకర" అన్నది లేచి. ప్రసూన మొఖం చిన్నగయింది. "కని మస్తు మెత్తగున్నది. ఎవరివమ్మా చీరెలు?"

"నావే. మా అమ్మ పెట్టింది."

రామి కొంచెంసేపు ఆ చీరె అంచును చేతితో నిమిరింది. "మంచిగ చూసుకుంట తియ్యి" అన్నది. పాత బొంత తెచ్చి సోమేశ్వర్ చేతుల వెట్టింది. తన వక్కలు, సున్నం డబ్బి జాగ్రత్తగ తీసుకున్నది.

భూపాలపల్లిల హైదరాబాద్ బస్సు దొరికింది. ముగ్గురి సీటు. కిటికీ అద్దం మూతవడుత లేదు, బస్సు ఉరుకుతుంటె సల్లగాలి లోపలికి కొడుతున్నది. పరకాల దాటినంక ప్రసూన చేతులు కట్టుకొని వణికింది. సోమేశ్వర్ ఒళ్లె ఉన్న బొంత కొస ఆమె దిక్కు జరిపిండు. ఆమె ముందుగాల మోకాళ్ల దాక గుంజుకున్నది. తర్వాత మెడ దాక గుంజుకున్నది. పదిహేను రోజులు తెల్లారగట్ల లేచి కుట్టిన మనిషి, హన్మకొండ రాకముందే భర్త భుజం మీద తల వెట్టి నిద్రవోయింది. సోమేశ్వర్ అంతకు ముందే నిద్రవోయిండు.

కనకమ్మ ఒక్కతే మేలుకొని పల్లీలు తినుకుంట వచ్చింది. పొద్దు వాలుతుంటె కండక్టర్ నిలబడి, "జనగామ, జనగామ దిగేటోళ్లు రాండి" అన్నడు. వీళ్ల సీటు కాడికొచ్చి, "అవ్వా, మీరు గీడనే గద దిగేది. వాళ్లను లేపు" అన్నడు.

కనకమ్మ పక్కకు చూసింది. బొంత కింద ఇద్దరు ఒక్క తీరుగ గుర్రు పెడుతున్నరు.

"ఇంతల మళ్ల ఏ ఊరు వస్తది బిడ్డా?"

"ఆలేరు."

"ఆలేరుకు ఒక్క టికెట్ కొట్టు. మేమిద్దరం ఆడోళ్లం, మాకు ఫ్రీనే. వీనికొక్కనికి కొడితె సాలు."

"ఆలేరుల ఎవరున్నరు అవ్వా?"

"ఎవ్వరు లేరు" అన్నది కనకమ్మ, పల్లి పొట్టు కిటికీలకెల్లి ఊదుకుంట. "జర పండుకోని."

కండక్టర్ టికెట్ చింపి ఇచ్చి, డ్రైవర్‌కు రైట్ చెప్పిండు.